ఒళ్ళోదా, బల్లమీదదా?

ప్రతి ఏడాదీ కౌన్సెలింగ్‌లో సీట్లు ఖరారు కాగానే సీనియర్ల ఫోన్లకి ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "అన్నా, ల్యాప్‌టాప్ ఏది తీసుకోమంటావ్?" ఈ ప్రశ్నలోనే సగం నిర్ణయం అయిపోయింది, గమనించారా? డెస్క్‌టాప్ సంగతి ఎవరూ ఎత్తరు. కొనేది ల్యాప్‌టాపే అని ముందే తేలిపోయింది, ఇక మనం కంపెనీ పేరు చెప్పడమే తరువాయి.

ఆ అడగని ప్రశ్న దగ్గర కాసేపు ఆగుదామనే ఈ వ్యాసం. మనలో చాలామంది ఇళ్ళల్లో ఇది చిన్న ఖర్చు కాదు. అది చీటీ పాడి తెచ్చిన డబ్బు కావచ్చు, పంట అమ్మిన డబ్బు కావచ్చు, ఫీజు పోగా మిగిలిన ఎడ్యుకేషన్ లోన్ కావచ్చు. నాలుగేళ్ళలో ఇంకోసారి అడగడానికి నోరు రాదు. అలాంటప్పుడు "అందరూ అదే కొంటున్నారు" అన్న ఒక్క కారణం సరిపోదు.

నా మాట ముందే చెప్పేస్తాను. రెండిట్లో ఏది గొప్ప అన్నది అసలు ప్రశ్నే కాదు. మీరు రోజూ ఎక్కడ కూర్చుని పని చేస్తారు? అది పాడైన రోజున బాగుచేయించే ఖర్చు ఎవరిది? ఈ రెండూ తేలితే మెషీన్ దానంతటదే తేలుతుంది. ఎలాగో ఒక్కొక్కటే చూద్దాం.

ధర దగ్గర మొదటి తిరకాసు

"అదే డబ్బుకి డెస్క్‌టాప్ అయితే డబుల్ స్పీడ్ వస్తుంది మామా" అనే ఫ్రెండ్ ప్రతి క్లాసులోనూ ఒకడుంటాడు. వాడి మాట సగమే నిజం.

ల్యాప్‌టాప్ డబ్బా విప్పితే అందులో ఏమేం ఉన్నాయో లెక్కపెట్టండి: తెర, కీబోర్డు, టచ్‌ప్యాడ్, కెమెరా, మైకు, స్పీకర్లు, వైఫై, బ్లూటూత్, బ్యాటరీ. చాలా మోడళ్ళలో విండోస్ కూడా వేసే ఇస్తారు. సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోటికి వెళ్ళి అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌కి కొటేషన్ అడిగితే ముందు రాసిచ్చేది ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, కేబినెట్, ఎస్ఎంపీఎస్. ఆ మొత్తం చూసి "ఇంత తక్కువా!" అనుకుంటాం. మానిటరు, కీబోర్డు, మౌసు, వెబ్‌క్యామ్, హెడ్‌సెట్, బోర్డులో వైఫై లేకపోతే దానికో డాంగిల్, యూపీఎస్, విండోస్ లైసెన్సు తర్వాత ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. ఉబుంటు వేసుకుంటే ఆ చివరిది తప్పుతుంది. ఇంట్లో సరైన బల్లా కుర్చీ లేకపోతే అవి కూడా లెక్కలోకే.

ఇవన్నీ కలిపాక చూస్తే, తక్కువ బడ్జెట్‌లో మొదటి రోజు ధరలో పెద్ద తేడా మిగలదు. డెస్క్‌టాప్ లాభం కనిపించేది రెండోసారి ఖర్చు పెట్టేటప్పుడు. నాలుగేళ్ళ తర్వాత ల్యాప్‌టాప్ నెమ్మదించిందంటే మళ్ళీ తెరతో సహా అన్నీ కొనాలి. డెస్క్‌టాప్ అయితే మానిటరు, కేబినెట్, కీబోర్డు, ఎస్ఎస్‌డీ అలాగే ఉంటాయి, మంచిది కొనుంటే ఎస్ఎంపీఎస్ కూడా. మార్చాల్సింది ప్రాసెసరు, దానికి తగ్గ బోర్డు, అవసరమైతే ర్యామ్.

ఇంకోలా చెప్పాలంటే, ల్యాప్‌టాప్ ఒక్కసారిగా కొనే వస్తువు, డెస్క్‌టాప్ విడతలుగా కొనగలిగే వస్తువు. మొదటి ఏడాది గ్రాఫిక్స్ కార్డు లేకుండా, ఒక్క 8 జీబీ ర్యామ్‌తో మొదలుపెట్టొచ్చు. రెండో ఏడాది స్కాలర్‌షిప్ పడినప్పుడు ఇంకో 8 జీబీ. మూడో ఏడాది ప్రాజెక్టుకి నిజంగా కావాల్సి వస్తేనే కార్డు. చేతిలోకి డబ్బు కొంచెం కొంచెంగా వచ్చే ఇళ్ళకి ఇది చిన్న సౌకర్యం కాదు.

పేరు ఒకటే, పని వేరు

షాపులో స్టిక్కర్ మీద "ఐ5, 12వ జనరేషన్" అని ఉంటుంది. ల్యాప్‌టాప్ మీదా అదే, డెస్క్‌టాప్ మీదా అదే. కానీ లోపలున్నవి వేరు.

ల్యాప్‌టాపుల్లో వచ్చిన కోర్ ఐ5-1235యూ చూడండి. దాని బేస్ పవర్ 15 వాట్లు. మొత్తం 10 కోర్లు, అందులో బరువు పని చేసే పెర్ఫార్మెన్స్ కోర్లు 2, కరెంటు పొదుపు చేసే చిన్న కోర్లు 8. అదే తరం డెస్క్‌టాప్ ఐ5-12400 బేస్ పవర్ 65 వాట్లు. ఉన్నవి 6 కోర్లే అయినా ఆరూ పెర్ఫార్మెన్స్ కోర్లే. "10 కోర్లు సార్, దానికంటే ఎక్కువ" అని సేల్స్‌మన్ చెప్పింది అబద్ధం కాదు, అలాగని పోలిక కూడా కాదు. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ పేరు చివర యూ అని ఉంటే పొదుపు రకం, హెచ్ అని ఉంటే ఎక్కువ పవర్ తీసుకునే రకం అని గుర్తు. హెచ్ రకాలకి సాధారణంగా బేస్ పవర్ 45 వాట్లు.

గ్రాఫిక్స్ కార్డుల్లోనూ ఇదే కథ. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070 కార్డుకి 200 వాట్లు, 12 జీబీ మెమరీ. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070కి మెమరీ 8 జీబీ. దానికి ఎన్ని వాట్లు ఇవ్వాలో ల్యాప్‌టాప్ కంపెనీ నిర్ణయిస్తుంది, 35 నుంచి 115 దాకా. అంటే ఒకే కార్డు పేరున్న రెండు ల్యాప్‌టాపులు కూడా ఒకేలా పని చెయ్యవు.

ఇదంతా కంపెనీల మోసమా? కాదు, ఫిజిక్స్. చిప్ తినే పవర్ దాదాపుగా ఓల్టేజ్ వర్గానికీ, ఫ్రీక్వెన్సీకీ అనులోమానుపాతంలో ఉంటుంది. ఫ్రీక్వెన్సీ పెంచాలంటే మామూలుగా ఓల్టేజీ కూడా పెంచాలి. రెండూ 10 శాతం చొప్పున పెంచారనుకోండి: 1.1 × 1.1 × 1.1, అంటే దాదాపు 1.33. పది శాతం వేగానికి ముప్పైమూడు శాతం ఎక్కువ పవర్ అన్నమాట. ఆ పవర్ అంతా చివరికి వేడే. రెండు సెంటీమీటర్ల మందం లేని పెట్టెలో ఆ వేడిని బయటికి తోసే చోటు లేదు, అందుకే ల్యాప్‌టాప్ తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది.

ఇదే లెక్కని తిరగేసి చదివితే ల్యాప్‌టాప్‌కి అనుకూలంగా కూడా ఒక మాట ఉంది. చివరి కాస్త వేగం వదులుకుంటే బోలెడు కరెంటు మిగులుతుంది. కాబట్టి పావు వంతు వాట్లు తీసుకునే చిప్ పావు వంతు వేగంతోనే నడవదు, అంతకంటే చాలా మెరుగ్గానే నడుస్తుంది. బ్రౌజింగ్, పీడీఎఫ్‌లు, వీడియో క్లాసులు, సీ ప్రోగ్రాములు, పైథాన్ అసైన్‌మెంట్లు... వీటిలో రెండిటికీ తేడా చేతికి తెలియదు. అరగంటా గంటా ఆగకుండా నడిచే పనుల్లో, అంటే రెండరింగ్, సిమ్యులేషన్, మోడల్ ట్రైనింగ్ లాంటి వాటిలో తేడా బయటపడుతుంది.

మన ఎండలు దీనికి తోడు. గది 25 డిగ్రీలు ఉన్నప్పటి కంటే 42 ఉన్నప్పుడు అదే పనికి చిప్ కూడా ఇంచుమించు ఆ 17 డిగ్రీలు ఎక్కువ వేడెక్కాలి. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో ఏసీ లేని గదిలో గేమింగ్ ల్యాప్‌టాప్ ఫ్యాను ఎందుకలా అరుస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. ఇంకో మాట: పేరు "ఒళ్ళోది" అని అర్థం వచ్చేదే అయినా, ఒళ్ళో పెట్టుకునే వస్తువు కాదది. చాలా మోడళ్ళలో గాలి పీల్చే రంధ్రాలు అడుగునే ఉంటాయి. పరుపు మీదో, దుప్పటి మీదో పెడితే దాని ముక్కు మూసినట్టే.

కరెంటు పోయినప్పుడు

బిల్లు సంగతి ముందు తేల్చేద్దాం. మామూలు పనికి డెస్క్‌టాప్, మానిటరు కలిపి 100 వాట్లు, ల్యాప్‌టాప్ 30 వాట్లు అనుకుందాం. రోజుకి 6 గంటలు, 30 రోజులు. డెస్క్‌టాప్‌కి 18 యూనిట్లు, ల్యాప్‌టాప్‌కి 5.4 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకుంటే తేడా నెలకి 76 రూపాయలు. బిల్లు చూసి భయపడి ల్యాప్‌టాప్ కొనక్కర్లేదు.

అసలు భయం కరెంటు మధ్యలో పోవడం. థర్డ్ ఇయర్ నుంచి ప్లేస్‌మెంట్ టెస్టులు మొదలవుతాయి. కెమెరా ఆన్‌లో ఉంటుంది, గంటన్నర టైమర్ నడుస్తుంటుంది, విండో మూస్తే టెస్టు పోయినట్టే. ఇంట్లో డెస్క్‌టాప్ మీద రాస్తుంటే కరెంటు పోయింది. మామూలు 600 వీఏ యూపీఎస్ పావుగంట అటూఇటూ లాగుతుంది. పని సేవ్ చేసుకుని ఆపడానికి ఆ టైము చాలు, పరీక్ష పూర్తి చెయ్యడానికి చాలదు. రూటర్ కూడా ఆరిపోయి ఉంటుంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ, ఫోన్ హాట్‌స్పాట్‌తో గండం గట్టెక్కుతుంది. నా ఉద్దేశంలో ల్యాప్‌టాప్ పక్షాన ఉన్న అన్నిటికంటే బలమైన వాదన ఇదే. డెస్క్‌టాప్ వాళ్ళు టెస్టు రోజున కాలేజీ ల్యాబులో రాసే వీలుందో లేదో ముందే కనుక్కోవాలి.

అలాగని బ్యాటరీ మీద గుడ్డి నమ్మకం వద్దు. 50 వాట్-అవర్ బ్యాటరీ, 10 వాట్ల తేలిక పనికి 5 గంటలు వస్తుంది. అదే బ్యాటరీ 40 వాట్ల బరువు పనికి గంటంపావే. విమానాల్లో మామూలుగా అనుమతించే హద్దు 100 వాట్-అవర్లు కాబట్టి ఎంత ఖరీదైన ల్యాప్‌టాప్‌లోనైనా బ్యాటరీ దాదాపు ఆ లోపే ఉంటుంది. లిథియం-అయాన్ బ్యాటరీకి పడనివి రెండు: వేడి, ఎప్పుడూ నిండుగా ఉండటం. రోజంతా ప్లగ్‌లో పెట్టి వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే ఆప్షన్ ఉందేమో వెతకండి. చాలా కంపెనీల మెషీన్లలో ఉంటుంది, ఎవరూ వాడరు.

పాడైతే?

డెస్క్‌టాప్ పాడవడం అంటే దాదాపు ఎప్పుడూ ఏదో ఒక ముక్క పాడవడమే. ఓల్టేజ్ ఎక్కువతక్కువలకి ఎస్ఎంపీఎస్ పోతే అదొక్కటే మార్చాలి. కీబోర్డు మీద టీ ఒలికితే కీబోర్డు పోతుంది. కేబినెట్ మూత విప్పి, దుమ్ము దులిపి, ర్యామ్ తీసి పెడితే ప్రాణం లేచొచ్చిన సందర్భాలు ఎన్నో. ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్ళం కదా, స్క్రూడ్రైవర్ పట్టుకుని ఈ మాత్రం నేర్చుకోవడమూ చదువులో భాగమే. వారంటీలు కూడా ముక్కముక్కకీ వేరు. బాక్స్‌లో వచ్చే ప్రాసెసర్లకి సాధారణంగా 3 ఏళ్ళు ఇస్తారు, మామూలు ల్యాప్‌టాప్‌కి మొత్తం కలిపి ఏడాదే ఎక్కువగా చూస్తాం. బిల్లులు జాగ్రత్త. పైసలు మిగులుతాయని పేరూ ఊరూ లేని ఎస్ఎంపీఎస్ మాత్రం పెట్టించుకోకండి. అది పోతూపోతూ మిగతావాటిని కూడా తీసుకుపోగలదు.

ల్యాప్‌టాప్‌లో అదే టీ కీబోర్డు కింద ఉన్న మదర్‌బోర్డు మీదికి దిగుతుంది. పైగా ఇప్పుడు చాలా సన్నని మోడళ్ళలో ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేస్తున్నారు. ఎల్‌పీడీడీఆర్ రకం అని రాసి ఉంటే దాదాపు అదే అర్థం. అలాంటిది 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీయే. అందుకే ల్యాప్‌టాప్ కొనేముందు షాపులో అడగాల్సిన మొదటి మాట "రంగులేమున్నాయి" కాదు, "ర్యామ్ స్లాట్లు ఎన్ని, ఖాళీ ఉందా?" అని.

మెడ చెప్పే మాట

ల్యాప్‌టాప్ తెరా కీబోర్డూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చేతులకి సరిపడే ఎత్తులో పెడితే తెర కిందికి పోతుంది, కళ్ళకి ఎదురుగా పెడితే చేతులు పైకి లేస్తాయి. ఎలా పెట్టినా ఒకటి తప్పు. మనిషి తల దాదాపు 5 కిలోలు. దాన్ని ముందుకి వంచి గంటలకొద్దీ మోసేది మెడ కండరాలే. రాత్రి పరుపు మీద పడుకుని పొట్టమీద ల్యాప్‌టాప్ పెట్టుకునేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

దీనికి చవక మందుంది. ఒక మామూలు యూఎస్‌బీ కీబోర్డు, మౌసు కొనండి. ల్యాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు పేర్చండి. ఫస్ట్ ఇయర్ టెక్స్ట్‌బుక్కులు ఇలాగైనా రోజూ వాడకంలో ఉంటాయి.

పెద్ద తెర విలువ మన సాహిత్య క్లబ్బు వాళ్ళకి ఇంకా బాగా తెలుసు. తెలుగులో ఒత్తులూ గుణింతాలూ పైకీ కిందికీ పోతాయి కాబట్టి ఇంగ్లీషు కంటే పెద్ద అక్షరం కావాలి. 14 అంగుళాల తెర మీద ప్రూఫులు దిద్దుతుంటే "ప"కీ "ష"కీ తేడా కోసం కళ్ళు చికిలించాలి. 24 అంగుళాల మానిటర్ మీద రాతప్రతి ఒక పక్క, పేజీ ఇంకో పక్క పెట్టుకోవచ్చు. కోడ్ రాసేవాళ్ళకీ ఇదే సుఖం.

బ్రాంచిని బట్టి

సీఎస్ఈ వాళ్ళకి గ్రాఫిక్స్ కార్డు కంటే ర్యామ్ ముఖ్యం. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, బ్రౌజర్ ఒకేసారి తెరిస్తే 8 జీబీ చాలదు, 16 చూసుకోండి. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునే దశలో గూగుల్ కోల్యాబ్ ఉచితంగా ఇచ్చే జీపీయూ చాలావరకు సరిపోతుంది, దానికోసం గేమింగ్ ల్యాప్‌టాప్ అక్కర్లేదు. ఈసీఈ వాళ్ళు వివాడో వేసుకోవాలంటే విండోస్ లేదా లినక్స్ కావాలి, డిస్కులో చోటు కూడా బాగా కావాలి. సివిల్, మెకానికల్ వాళ్ళు వాడే రెవిట్, స్టాడ్, సాలిడ్‌వర్క్స్ విండోస్ కోసం చేసినవి, కాబట్టి మ్యాక్‌బుక్ మీద మోజుంటే ముందు సిలబస్ చూడండి. త్రీడీ మోడలింగ్ రోజూ చేసే బ్రాంచిలకి డెస్క్‌టాప్ ఇచ్చే లాభం అందరికంటే ఎక్కువ.

ఇంట్లో అదొక్కటే అయితే

స్పెసిఫికేషన్ల పట్టికలో కనపడని విషయం ఇది. మొత్తం కుటుంబానికి కొనగలిగేది ఒక్క కంప్యూటరే అనుకోండి. అది ల్యాప్‌టాప్ అయితే పెద్దబ్బాయితోపాటు హాస్టల్‌కి వెళ్ళిపోతుంది. ఇంట్లో ఇంటర్ చదివే చెల్లెలికి మళ్ళీ ఫోనే గతి. ఎంట్రన్స్ మాక్ టెస్టులు ఐదారంగుళాల తెర మీద రాస్తుంది, అసలు పరీక్షేమో కంప్యూటర్ మీద. హాలులో ఒక మూల డెస్క్‌టాప్ ఉంటే అది ఎవరి ఒక్కరిదీ కాదు. ఆమె చదువుకుంటుంది, నాన్న భూమి రికార్డులు చూసుకుంటారు, సెలవులకి వచ్చినప్పుడు మనమూ వాడతాం.

అందుకని అన్న త్యాగం చెయ్యాలని నేననడం లేదు. కాలేజీ ల్యాబు సాయంత్రం ఎంతసేపు తెరిచి ఉంటుందో కనుక్కుని, ఇంట్లోవాళ్ళందరూ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాల్సిన విషయం. "కొడుకు ఇంజనీరింగ్‌లో చేరాడు" అన్న ఊపులో ఆ మాట ఎవరికీ గుర్తు రాదు, అంతే.

బడ్జెట్ బొత్తిగా తక్కువైతే ఆఫీసులు వాడి తీసేసిన డెస్క్‌టాపులు బాగుచేసి అమ్ముతుంటారు, వాటిని చూడండి. ఒక్క జాగ్రత్త: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్‌లో అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. అంతకంటే పాతది చవగ్గా వస్తే లినక్స్ వేసుకునే ఉద్దేశంతోనే తీసుకోండి.

నన్నడిగితే

హాస్టల్లో ఉండేవాళ్ళకి ల్యాప్‌టాపే. మూడు నెలలకోసారి రూమ్ మారుతూ, సెలవులకి బస్సెక్కుతూ డెస్క్‌టాప్ మొయ్యలేం. కానీ రెండున్నర కిలోల గేమింగ్ మోడల్ కాదు, ర్యామ్ పెంచుకునే స్లాటున్న మామూలు మోడల్. మిగిలిన డబ్బుతో తర్వాత ఒక మానిటరు.

ఇంటి నుంచి వచ్చిపోయేవాళ్ళకి, ఇంట్లో బల్ల వేసుకునే చోటుంటే, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉంటే, డెస్క్‌టాప్. యూపీఎస్ తప్పనిసరి. ఫైనల్ ఇయర్‌లో ల్యాప్‌టాప్ అవసరం పడితే, అప్పుడు చవకైనదైనా చాలు, బరువు పని ఇంట్లో పెద్దాయన చూసుకుంటాడు.

రోజూ ఇంట్లోనూ కాలేజీలోనూ సమానంగా పని ఉండి, ఒక్కటే కొనగలిగితే ల్యాప్‌టాప్ తీసుకుని దాన్నే ఇంట్లో డెస్క్‌టాప్‌లా వాడండి: కీబోర్డు, మౌసు, వీలైతే మానిటరు.

ఇంకా తేలకపోతే తొందరేం లేదు. మొదటి సెమిస్టర్ కాలేజీ ల్యాబుతో గడిచిపోతుంది. ఒక నెలపాటు కంప్యూటర్ కావాల్సి వచ్చిన ప్రతిసారీ నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి: ఎక్కడున్నాను, ఏం పని, ఎంతసేపు. నెలాఖరుకి ఆ పేజీ అమ్మానాన్నల ముందు పెట్టండి. అప్పుడు నాలాంటి సీనియర్‌కి మెసేజ్ పెట్టండి, మోడల్ పేరు చెప్పడం నాకూ తేలిక.